ఏమీ అడక్కుండా అమ్మేవాళ్లతోనే భయం

రెంటచింతల ఎండకు రాష్ట్రమంతటా పేరుంది. వేసవి వచ్చిందంటే వార్తల్లో ఆ ఊరి పేరు వినపడాల్సిందే. 45 డిగ్రీలు దాటినా అక్కడివాళ్లు వింతగా చూడరు. గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో, ఆ ఎండలోనే, కొరియర్ కుర్రాడి బండి వెనక సంచిలో, చీరల పార్సిలు కిందో చెప్పుల డబ్బా పక్కనో ఒక చిన్న పెట్టె వెళ్తోందనుకోండి. లోపల పెన్ను లాంటి సూది ఉంది. పెట్టె మీద అచ్చేసి ఉంటుంది: 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉంచాలి.

బరువు తగ్గించే మందు ఆన్‌లైన్లో ఎక్కడ కొంటే మంచిదని అడిగిన ప్రతి ఆడమనిషికీ ముందు ఈ పెట్టె సంగతే చెప్పాలనిపిస్తుంది నాకు. వాళ్లు మాత్రం దాని గురించి అడగరు. "ఎంతకొస్తది?" అనే అడుగుతారు.

మా వదినా అదే అడిగింది. నరసరావుపేటలో ఉంటుంది. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, ఐదేళ్లుగా బీపీ మాత్ర. "అమెరికాలో మా తోడికోడలి కూతురు ఆ సూది వేసుకుని ఇరవై కిలోలు తగ్గిందంట. ఇప్పుడు ఇక్కడా దొరుకుతున్నయ్యంట కదా. ఏ యాప్‌లో చవకో నువ్వే చూసిపెట్టు, నాకు బుర్ర తిరిగిపోతంది" అంది. పక్కనే కూర్చున్న మేనకోడలు, "అత్తా, నాక్కూడా చూడు. పెళ్లి ఇంక రెణ్నెల్లే ఉంది" అంది. నవ్వుతూనే అంది గానీ నవ్వులాటకు అనలేదు.

సరేనని పది రోజులు కూర్చున్నా. కాగితం మీద గళ్లు గీసి ధరలు రాయడం మొదలుపెట్టా. మూడో రోజుకు ఆ కాగితం పక్కన పడేసి ఇంకో కాగితం తీసుకున్నా. ధర కాదు, మందు ఇచ్చేముందు ఎవరు ఏమడుగుతున్నారో రాసుకోవడం మొదలుపెట్టా. ఈ కథనం ఆ రెండో కాగితం.

మందులు రెండే, పేర్లు బోలెడు

మౌంజారో 2025 మార్చి 20న మన దేశంలోకి వచ్చింది. ఎలీ లిల్లీ కంపెనీది. అందులో ఉన్న మందు టిర్జెపటైడ్. వారానికో సూది. మొదట చిన్న సీసాల్లో వచ్చింది, అప్పట్లో 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. నెలకు నాలుగు. అదే ఏడాది జూన్ 24న నోవో నార్డిస్క్ కంపెనీ వెగోవీని తెచ్చింది. దాన్లో ఉన్నది సెమాగ్లుటైడ్. మొదటి మోతాదు నెలకు 17,345 రూపాయలుండేది, నవంబరు వచ్చేసరికి 10,850కి దించారు. డిసెంబరు 12న ఒజెంపిక్ వచ్చింది, అప్పట్లో నెలకు 8,800 నుంచి మొదలు. ఒజెంపిక్‌లోనూ సెమాగ్లుటైడే ఉంటుంది. కాకపోతే దానికి మన దగ్గర అనుమతి ఉన్నది టైప్ 2 మధుమేహానికి. బరువు కోసం అనుమతి పొందింది వెగోవీ. అమెరికా వాళ్లు ఫోన్లో "ఒజెంపిక్" అంటే ఇక్కడివాళ్లు ఆ పేరే పట్టుకుని వెతుకుతారు. సగం గందరగోళం అక్కడే.

మిగతా సగం గందరగోళం ఒకే మందును రెండు పేర్లతో అమ్మడంలో ఉంది. సిప్లా అమ్మే యుర్‌పీక్ టిర్జెపటైడే. ఎమ్‌క్యూర్ అమ్మే పోవిజ్‌ట్రా సెమాగ్లుటైడే. ఇక 2026 మార్చితో సెమాగ్లుటైడ్ మీద మన దేశంలో పేటెంటు తీరిపోయింది. డాక్టర్ రెడ్డీస్, నాట్కో లాంటి మన హైదరాబాద్ కంపెనీలు ఎప్పట్నుంచో కాచుకున్న రోజు అది. ధరలు దిగడానికి దారి పడింది. మంచిదే. కానీ చవకైన కొద్దీ చీటీ అడక్కుండా అమ్మేవాళ్లూ పెరుగుతారని మెడికల్ షాపు గుమ్మం ఎక్కిన ఎవరికైనా తెలుసు.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తా. ఇవి పనిచేస్తాయి. కొబ్బరినూనె, నిమ్మకాయల కాలం మనం చూశాం. వీరమాచనేని రామకృష్ణ సభలకు ఊళ్లకు ఊళ్లు కదిలాయి. అంతకుముందు మంతెన సత్యనారాయణరాజు మాట మీద ఉప్పు మానేసిన ఇళ్లున్నాయి. మా వదిన రెండూ చేసింది. రెండుసార్లూ తగ్గింది, రెండుసార్లూ పెరిగింది. ఈ సూదుల దారి వేరు. సెమాగ్లుటైడ్ మీద జరిగిన స్టెప్ 1 అనే పరీక్షలో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గింది. టిర్జెపటైడ్ పెద్ద మోతాదులో 72 వారాలకు 20.9 శాతం దాకా. ఆకలి మందగిస్తుంది, పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, రెండు ముద్దలకే చాలనిపిస్తుంది.

లెక్క మాత్రం సరిగా వేసుకోవాలి. స్టెప్ 1లో పాల్గొన్నవాళ్ల సగటు బరువు 105 కిలోలు. 68 కిలోల మా వదినకు 15 శాతం అంటే పది కిలోలు, అదీ ఏడాది పైచిలుకు పట్టి. తోడికోడలి కూతురి ఇరవై కిలోలు ఈమెవి కావు. పైగా మందు ఆపేసినవాళ్లను ఏడాది గమనిస్తే, తగ్గిన దాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. ఈ ముక్క ఎన్ని అమ్మకపు పేజీల్లో మొదటి వరసలో కనపడుతుందో మీరే చూడండి.

రెండో కాగితం

ఆన్‌లైన్లో అమ్మేవాళ్లంతా ఒక తరహా కాదు. టాటా 1ఎంజీ, అపోలో 24/7, ఫార్మ్‌ఈజీ, నెట్‌మెడ్స్ లాంటివి ఉన్నాయి. ఇవి మందుల కొట్లు, డాక్టరు చీటీ ఎక్కించమంటాయి. ఇంకో తరహా, బరువు తగ్గించే కార్యక్రమాన్ని నెలనెలా చందా మీద అమ్మే యాప్‌లు. డాక్టరు, డైటీషియను, సూది, బరువు తూచే మిషను అన్నీ ఒకే పొట్లంలో. హెల్తీఫై లాంటి సంస్థ నోవో నార్డిస్క్ ఇండియాతోనే ఒప్పందం చేసుకుని వెగోవీ వాడేవాళ్లకు తోడ్పాటు కార్యక్రమం పెట్టింది. మూడో తరహాకు కొట్టూ ఉండదు, లైసెన్సూ ఉండదు. ఒక ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, ఒక వాట్సాప్ నంబరు, "ముందు–తర్వాత" ఫొటోలు, ఫోన్‌పేకి డబ్బు.

మొదటి తరహాలో నాకు కనిపించిన లోటు, చీటీ లేదంటే "మా డాక్టరు ఫోన్ చేస్తారు" అనే మాట. ఒకచోట ఆ ఫోన్ మూడు నిమిషాల్లో ముగిసింది. పేరు, వయసు, బరువు, షుగరుందా, అంతే. బీపీ మాత్ర పేరు కూడా అడగలేదు. ఇంకోచోట వీడియోలో మాట్లాడిన డాక్టరమ్మ ఇరవై నిమిషాలు ప్రశ్నలు వేసింది. చివరికి "రక్తపరీక్షలు చూశాక చెప్తాను, ఇవాళ రాయను" అంది. నా కాగితం మీద రెండో దానికి పెద్ద గుండ్రం చుట్టా. మా వదిన మొదటిదే నచ్చిందంది: "తొందరగా అయిపోయింది కదా."

ఆ తొందరే వద్దంటాను. ఆ డాక్టరమ్మ వేసిన ప్రశ్నలు ఊసుపోక వేసినవి కావు. మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సరు వచ్చిందా అంది. మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సరు ఇంట్లో ఉంటే ఈ మందులు వాడకూడదు. మామూలుగా మన ఆడవాళ్లు వాడే థైరాయిడ్ మాత్ర అడ్డు కాదు, అది వేరు సంగతి. క్లోమం వాచి ఆసుపత్రిలో చేరారా, పిత్తాశయంలో రాళ్లున్నాయా అంది. వేగంగా బరువు తగ్గేవాళ్లలో రాళ్లు పెరుగుతాయి. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతున్నారా అంది. కలిపితే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. దగ్గర్లో ఏదైనా ఆపరేషన్ ఉందా అంది. మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ సూది సంగతి చెప్పకపోతే, ఖాళీ అనుకున్న కడుపులో తిండి ఉండిపోయి ప్రమాదం.

తర్వాత మా మేనకోడలి వైపు తిరిగింది. పెళ్లయ్యాక పిల్లల్ని ఎప్పుడనుకుంటున్నారని అడిగింది. పిల్ల సిగ్గుపడింది. కానీ ఇది అడగని డాక్టరు ఆడవాళ్లకు ఈ మందు రాయకూడదు. సెమాగ్లుటైడ్‌ను గర్భం అనుకున్న దానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడే వాళ్లలో గర్భనిరోధక మాత్ర సరిగా పనిచేయకపోవచ్చు. అందుకే మొదలుపెట్టిన నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ ఇంకో నాలుగు వారాలు వేరే జాగ్రత్త తీసుకోమంటారు. పీసీఓడీ ఉన్న అమ్మాయిల్లో బరువు తగ్గితే నెలసరి గాడిన పడుతుంది, అండం విడుదలవుతుంది. ఏళ్ల తరబడి రాని గర్భం అనుకోకుండా రావచ్చు. నెల తప్పిన సంగతి తెలిసేలోపు సూదులు పడిపోతూ ఉంటాయి.

పిల్ల బరువు 62, ఎత్తు మా వదినంతే. బీఎంఐ 25.8. అనుమతి పత్రం ప్రకారం ఈ మందులు బీఎంఐ 30 దాటినవాళ్లకు, లేదా 27 దాటి బీపీ, షుగరు లాంటి జబ్బు తోడున్నవాళ్లకు. మా వదినకు 28.3, బీపీ ఉంది. ఆమె ఆ గీత లోపలికి వస్తుంది. పిల్ల రాదు. వచ్చినా రెండు నెలల్లో పెళ్లికి ఒరిగేదేమీ లేదు, వెగోవీ 0.25 మిల్లీగ్రాములతో మొదలై నెలకో మెట్టు ఎక్కి పూర్తి మోతాదుకు చేరేది ఐదో నెలలో. మొదటి రెండు నెలలు చాలామందికి మిగిలేది వికారం, వాంతులు, మలబద్ధకం. తలంబ్రాల పీటల మీద అవి ఎవరికి కావాలి?

ఆర్ఎంపీ అంటే ఎవరు?

ఆన్‌లైన్ వైద్యానికి మన దేశంలో నిబంధనలున్నాయి. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ప్రతి పేజీలోనూ "ఆర్ఎంపీ" అనే మాట కనపడుతుంది. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ కాగితంలో ఆర్ఎంపీ అంటే మెడికల్ కౌన్సిల్లో నమోదైన డాక్టరు. మన పల్నాడు ఊళ్లలో ఆర్ఎంపీ అంటే సైకిలు పోయి బైకు వచ్చినా సంచి మారని, చదువు లేని డాక్టరు! ఈ సూదులు ఆ సంచిలోకి చేరే రోజు ఎంతో దూరంలో లేదని నా భయం.

ఆ మార్గదర్శకాల ప్రకారం డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉండాలి. ఆ నంబరు, పేరు జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్లో కొడితే ఎవరైనా చూసుకోవచ్చు. రెండు నిమిషాల పని. మందు అమ్మిన కొట్టుకు 20, 21 ఫారాల డ్రగ్ లైసెన్సులు ఉండాలి, బిల్లు మీద వాటి నంబర్లు ఉంటాయి. బిల్లే ఇవ్వనివాళ్ల దగ్గర ఈ గొడవే లేదు, కొనకండి.

ఇక ఆన్‌లైన్ మందుల కొట్ల కోసమే ప్రత్యేకంగా నిబంధనల ముసాయిదా 2018 ఆగస్టులో వెలువడింది. అదే ఏడాది డిసెంబరులో లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలను ఢిల్లీ హైకోర్టు ఆపమంది. ముసాయిదా ఏళ్ల తరబడి ముసాయిదాగానే ఉండిపోయింది. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం స్థూలకాయానికి మందు అని ప్రచారం చేయడాన్నే నిషేధించింది. డెబ్భై ఏళ్ల నాటి ఆ చట్టం ఇన్‌స్టాగ్రామ్ రీళ్లకూ వర్తిస్తుంది, పట్టించుకునేవాళ్లుంటే.

జొన్నకూడు నుంచి ఇక్కడిదాకా

శ్రీనాథుడు పల్నాడు వచ్చి, జొన్నకూడు తప్ప సన్నన్నం దొరకదని విసుక్కున్నాడని చెప్పుకుంటాం. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఆ ఫిర్యాదు తీరింది. జొన్నరొట్టె పక్కకు పోయి మూడు పూటలా తెల్లన్నం వచ్చింది. ఇప్పుడు డాక్టర్లు మళ్లీ జొన్నలు తినమంటున్నారు. కిలో జొన్నపిండి ప్యాకెట్లో కొంటూ మా అమ్మమ్మను తల్చుకుంటుంటా.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 36 శాతానికి పైగా అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నట్టు తేలింది. దేశం మొత్తం మీద అది 24 శాతం. అదే సర్వేలో మన రాష్ట్రంలో దాదాపు 59 శాతం ఆడవాళ్లకు రక్తహీనత. ఈ రెండు అంకెలూ వేర్వేరు ఆడవాళ్లవి అనుకుంటాం. చాలాసార్లు ఒకే ఆడమనిషివి. అందరికీ వడ్డించి, చివర్లో అడుగున మిగిలిన అన్నం, పులుసు కలుపుకుని తినే మనిషికి ఒళ్లు పెరుగుతుంది, రక్తం పెరగదు. ఆమెకు ఆకలి చంపే సూది వేస్తే మొదట మానేసేది ఏమిటి? అన్నం కాదు, గుడ్డు, పప్పు. బరువుతో పాటు కండ కూడా కరుగుతుంది, జుట్టు రాలుతుంది. కాబట్టి చందా కట్టించుకునే యాప్‌లో డైటీషియనుంటే ఆమెనొక ప్రశ్న అడగండి: రోజుకెంత మాంసకృత్తులు తినాలి, మన ఇంట్లో అవి దేంట్లో ఉన్నాయి? కినోవా, అవకాడో అని జవాబొస్తే ఆ చందా దండగ. పల్లీలు, పెసలు, గుడ్లు, చేపలు అని చెప్పగలిగిన అమ్మాయైతే వినండి.

పెట్టె సంగతి

ఇందాక దారిలో వదిలేసిన పెట్టె దగ్గరికొద్దాం. మౌంజారో సీసా ఫ్రిజ్ బయట 30 డిగ్రీల లోపు 21 రోజుల దాకా ఉండగలదు. 30 డిగ్రీలు! మే నెలలో మన ఇంటి అటక మీద రాత్రిపూట కూడా అంత చల్లగా ఉండదు. ఎండకు మందు పాడైతే రంగు మారాలనేమీ లేదు, వాసన రాదు, సూది మామూలుగానే దిగుతుంది. పని మాత్రం చేయకపోవచ్చు. అందుకే నా కాగితంలో ధర గడి పక్కన ఇంకో గడి పెట్టా: నరసరావుపేటకు, గురజాలకు, మాచర్లకు చల్లపెట్టెలో పంపుతారా, పంపితే ఎన్ని గంటల్లో, పెట్టె తెరిచేసరికి మంచు ప్యాకెట్టు కరిగిపోయి వేడెక్కి ఉంటే వెనక్కి తీసుకుంటారా? హైదరాబాద్, విజయవాడ పిన్‌కోడ్ కొడితే "రెండు గంటల్లో" అన్నవాళ్లు మాచర్ల పిన్‌కోడ్ కొట్టగానే రోజుల్లోకి దిగారు. వెనక్కి తీసుకోవడం గురించి రాతపూర్వకంగా చెప్పినవాళ్లు తక్కువ.

ఇంటికొచ్చాకా జాగ్రత్తే. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజరు పెట్టెకు ఆనించి పెడితే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టింది కరిగినా పనికిరాదు. నడిమి అరలో పెట్టాలి, తలుపులో కాదు. సీసా మందైతే ఇంకో చిక్కు, ఇన్సులిన్ సిరంజి మీది గీతల్లో కొలిచి తీసుకోవాలి. అమెరికాలో ఇలా సీసాల నుంచి తీసుకునేవాళ్లు లెక్క తప్పి ఐదు నుంచి ఇరవై రెట్లు ఎక్కించుకున్న సంఘటనల మీద అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2024 జులైలో హెచ్చరిక జారీ చేసింది. అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చిన పెన్ను మీద ఆశ పెట్టుకున్నవాళ్లకూ ఓ మాట. అది ఎన్ని గంటలు ఏ వేడిలో ఉందో తెచ్చిన పిల్లకే తెలియదు, తేడా చేస్తే ఇక్కడ ఏ డాక్టరూ దానికి బాధ్యుడు కాదు.

నకిలీలు ఊహ కాదు. బ్రెజిల్, బ్రిటన్, అమెరికాల్లో నకిలీ ఒజెంపిక్ దొరికిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరించింది. "మాది సూది కాదు, మూలికలు" అని క్యాప్సూళ్లు అమ్మేవాళ్లున్నారు కదా, వాళ్లతో ఇంకా భయం. సిబుట్రమైన్ అనే బరువు తగ్గించే మాత్రను గుండెకు ముప్పని మన దేశం 2011లో నిషేధించింది. "ఆయుర్వేద", "హెర్బల్" అని అమ్మే పొడుల్లో, టీ పొట్లాల్లో అదే సిబుట్రమైన్ కలిపి అమ్ముతున్నట్టు అమెరికా పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది. వాట్సాప్‌లో "సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అన్న మాట కనపడితే అక్కడే ఆగండి. వాంతి కూడా రాని బరువు మందు నాకింకా తగల్లేదు.

ఇదంతా విని ఆన్‌లైనే వద్దంటున్నానని అనుకోవద్దు. మాచర్లలో ఉన్న ఆడమనిషి ఎండోక్రైనాలజిస్టును చూడాలంటే గుంటూరు రైలెక్కాలి. ఒక రోజు పోతుంది, తోడు మనిషి కావాలి, "ఎక్కడికి, దేనికి" అని ఇంట్లో పదిమందికి చెప్పాలి. వీడియోలో కూర్చుని తలుపేసుకుని తన ఒంటి సంగతి చెప్పుకోవడం ఆమెకు సుఖం. నేను కాదనను. ఒకసారి గుంటూరులోనో నరసరావుపేటలోనో డాక్టరు ఎదురుగా కూర్చుని, పరీక్షలు చేయించుకుని చీటీ రాయించుకోవడం, తర్వాత నెలనెలా వీడియోలో మాట్లాడటం, మందు మాత్రం ఫ్రిజ్ కనపడే మెడికల్ షాపులో కొనడం. పల్నాటి వేసవికి ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు. యాప్‌లో ఐదొందలు తగ్గింపు వచ్చినా సరే.

మా వదిన అలాగే చేసింది. పరీక్షల్లో హిమోగ్లోబిన్ 9 వచ్చింది. డాక్టరు ముందు ఐరన్ రాశారు, సూది సంగతి మూడు నెలల తర్వాత చూద్దామన్నారు. మేనకోడలు పెళ్లి జాకెట్టు కుట్టు విప్పించి అరంగుళం వదులు చేయించుకుంది.

ఇప్పటికే సూది మొదలుపెట్టినవాళ్లు పెట్టెను పారేయకండి, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది. ఆగని వాంతులు, వీపులోకి పొడిచే కడుపునొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఏ సూది వేసుకున్నారో దాచకుండా చెప్పండి. ఆ తర్వాత మందుల దుష్ప్రభావాలు నమోదు చేసుకునే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియాకు కూడా తెలపండి. ఫోన్ ఉచితం: 1800-180-3024.